నలుగురం కలిసి కొన్న అడవికి కన్సర్వేషన్ ఈజ్‌మెంట్: ఇప్పుడే రాయించాలా, ఆగాలా?

ప్రశ్న: కొండవాగు

అందరికీ నమస్కారం. వర్జీనియా రాష్ట్రపు పశ్చిమ కొండల్లో నలుగురు మిత్రులం కలిసి ఒక ఎల్‌ఎల్‌సీ (పరిమిత బాధ్యత గల భాగస్వామ్య సంస్థ) పేరున సుమారు 160 ఎకరాల అడవి భూమి కొన్నాము. కొని ఇంకా మూడేళ్లు నిండలేదు. ఓక్, హికరీ, ట్యూలిప్ పాప్లార్ చెట్లు ఎక్కువగా ఉన్న అడవి అది. ఒక పక్క జాతీయ అటవీ భూమిని ఆనుకొని ఉంది, మధ్యలో ఏడాది పొడవునా పారే వాగు ఉంది. భూమి మీద బ్యాంకు అప్పు కొంత మిగిలి ఉంది.

మా చుట్టుపక్కల భూములను ముక్కలుగా విడగొట్టి సెలవు ఇళ్లకు అమ్ముతున్నారు. మా భూమికి ఆ గతి పట్టకూడదని నలుగురికీ ఉంది కాబట్టి, కన్సర్వేషన్ ఈజ్‌మెంట్ రాసిస్తే బాగుంటుందని ఆలోచన మొదలుపెట్టాము. నాకు అర్థమైనంతవరకు భూమి మన పేరునే ఉంటుంది, కానీ దాన్ని విడగొట్టే హక్కును, కట్టడాలు కట్టే హక్కును ఒక ల్యాండ్ ట్రస్టుకో (భూములను కాపాడే లాభాపేక్ష లేని సంస్థ) ప్రభుత్వ సంస్థకో శాశ్వతంగా వదులుకుంటాము; ఆ ఒప్పందం కౌంటీ భూమి రికార్డుల్లో నమోదై, తర్వాత కొనేవారినీ వారసులనూ కూడా కట్టిపడేస్తుంది. ఇంతవరకు సరిగానే అర్థం చేసుకున్నానా?

ఇక్కడినుంచి మాలో మాకు ఏకాభిప్రాయం లేదు. ఒక భాగస్వామికి పరిచయమైన సలహాదారు, ఈ ఏడాది లోపలే ఈజ్‌మెంట్ రాసిస్తే మేము పెట్టిన డబ్బుకు నాలుగు రెట్ల విలువ చూపించి ఆదాయపు పన్నులో మినహాయింపు ఇప్పించగలనని చెబుతున్నారు. ఇంకొకరికి ఎప్పటికైనా అక్కడ ఒక చిన్న ఇల్లు కట్టుకోవాలని ఉంది. మూడో వ్యక్తి, అవసరమైనప్పుడు కొంత కలప అమ్ముకొనే వీలు పోతే పన్నులు ఎలా కట్టాలని అడుగుతున్నారు. నా సందేహం వీటికంటే మౌలికమైనది: శాశ్వతం అనే మాట మీద సంతకం పెట్టే ముందు ఏమేమి చూసుకోవాలి? అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

జవాబు 1: చిట్టాపద్దు

కొండవాగు గారూ, ఈజ్‌మెంట్ గురించి మీకు అర్థమైనది సరైనదే. అయితే మీ ప్రశ్నలో అన్నింటికంటే ముందు తేల్చుకోవలసింది ఆ నాలుగు రెట్ల మాట. ఆ సలహాదారుతో సంభాషణ అక్కడితో ముగించమని నా సూచన. కారణం చెబుతాను.

భాగస్వామ్య సంస్థల ద్వారా భూమి కొని, దాని విలువను విపరీతంగా పెంచి చూపి, ఈజ్‌మెంట్ దానం పేరుతో పన్ను మినహాయింపులు పంచుకొనే వ్యాపారం అమెరికాలో చాలా ఏళ్లు సాగింది. అమెరికా పన్ను శాఖ ఐఆర్‌ఎస్ 2016 డిసెంబరులోనే అటువంటి లావాదేవీలను తనకు ప్రత్యేకంగా తెలియజేయవలసిన జాబితాలో చేర్చింది. 2022 డిసెంబరులో కాంగ్రెస్ చట్టాన్నే మార్చింది: ఎల్‌ఎల్‌సీ వంటి భాగస్వామ్యం ఇచ్చే ఈజ్‌మెంట్ విలువ, దానికి సంబంధించి భాగస్వాములు పెట్టిన మూల వ్యయానికి 2.5 రెట్లు మించితే మినహాయింపు పూర్తిగా పోతుంది. మించిన మేరకే కాదు, మొత్తం పోతుంది. భూమి ఆ సంస్థ చేతిలో, వాటాలు ఆ భాగస్వాముల చేతిలో మూడేళ్లు నిండిన తర్వాత ఇచ్చిన దానానికీ, కుటుంబ సభ్యుల మధ్య ఉన్న భాగస్వామ్యానికీ ఈ నిబంధన వర్తించదు. మీరు నలుగురూ మిత్రులే కాబట్టి రెండో వెసులుబాటు మీకు లేదు. మొదటిది కొద్దికాలం ఆగితే దానంతట అదే వస్తుంది. అందుకే ఈ ఏడాది లోపలే అనే తొందర ఎవరికి లాభమో ఆలోచించండి.

మూడేళ్లు దాటినంత మాత్రాన ఇష్టం వచ్చిన విలువ చూపవచ్చని కాదు. చూపిన విలువ అసలు విలువకు రెండు రెట్లో అంతకంటే ఎక్కువో అని తేలితే, తక్కువ కట్టిన పన్ను మీద 40 శాతం జరిమానా పడుతుంది. విలువ కట్టే పద్ధతి సూత్రరీత్యా సరళమే: ఆంక్షలు లేనప్పుడు భూమి ధర ఎంత, ఆంక్షలు పడ్డ తర్వాత ధర ఎంత, ఆ రెండింటి తేడాయే ఈజ్‌మెంట్ విలువ. అర్హత గల అప్రైజర్ (ఆస్తి విలువ కట్టే నిపుణుడు) చేసిన ఆ అంచనా, దానం తేదీకి 60 రోజులకంటే ముందుది కాకూడదు. అడవి భూములకు ఈ తేడా చాలావరకు విడగొట్టి అమ్ముకొనే అవకాశం మీద ఆధారపడుతుంది కాబట్టి, రోడ్డుకు దూరంగా నిటారుగా ఉన్న కొండవాలుకు తేడా తక్కువగానే వస్తుంది. మీ చుట్టూ సెలవు ఇళ్లు వస్తున్నాయంటే మీ భూమికి కొంత ఎక్కువ రావచ్చు.

ఇప్పుడు న్యాయంగా వచ్చే లాభం ఎంతో చూద్దాం. ఉదాహరణకు భూమి ధర ముందు 6,00,000 డాలర్లు, తర్వాత 4,20,000 డాలర్లు అనుకుంటే ఈజ్‌మెంట్ విలువ 1,80,000 డాలర్లు. వర్జీనియా ప్రభుత్వం దీనిలో 40 శాతాన్ని, అంటే 72,000 డాలర్లను, రాష్ట్ర పన్ను క్రెడిట్‌గా, అంటే కట్టవలసిన పన్నులోంచి నేరుగా తగ్గించే మొత్తంగా, ఇస్తుంది. దాన్ని ఒక్క ఏడాదిలో వాడుకోవడానికి పరిమితి ఉన్నా, మిగిలినది తర్వాతి ఏళ్లకు జరుపుకోవచ్చు, ఇతరులకు అమ్ముకోవచ్చు కూడా. చాలామంది ఇక్కడే సంతోషపడి ఆగిపోతారు. రాష్ట్రం నుంచి వచ్చే క్రెడిట్ దానం విలువలో 15 శాతం దాటితే, ఆ మొత్తాన్ని ఫెడరల్ మినహాయింపు నుంచి తీసివేయాలని 2019లో ఖరారైన నియమం చెబుతుంది. కాబట్టి ఫెడరల్ లెక్కలో మీకు మిగిలేది 1,08,000 డాలర్లే, అదీ నలుగురి మధ్య పంపకం. ఆ మినహాయింపును ఏటా సర్దుబాటు చేసిన స్థూల ఆదాయంలో సగం వరకు వాడుకొని, మిగిలినది మరో 15 ఏళ్ల వరకు జరుపుకోవచ్చు. ఆదాయంలో సగానికి పైగా వ్యవసాయం నుంచి వచ్చేవారికి ఈ పరిమితి 100 శాతం. చెట్లు పెంచి నరకడం కూడా ఆ నిర్వచనంలోకి వస్తుంది గానీ, ఉద్యోగాల మీద బతికే మనకు అది వర్తించదు.

భూమి కొని ఏడాది కూడా నిండని వారు మరొకటి గుర్తుంచుకోవాలి: వారి మినహాయింపు, విలువ ఎంత పెరిగినా, పెట్టిన ధరను దాటదు. మీరు ఆ గడువు దాటినట్లున్నారు.

ఇదంతా చదివాక, పన్ను లాభం ఒక్కటే చూసుకొంటే ఈజ్‌మెంట్ నష్టపు బేరమని మీకే తెలుస్తుంది. 1,80,000 డాలర్ల విలువను వదులుకొంటే తిరిగి వచ్చేది అందులో ఒక భాగమే. అడవి విడిపోకూడదనే కోరిక ముందే ఉన్నవారికి మాత్రమే అది అదనపు ఊరట.

జవాబు 2: అడవిబాట

పన్ను సంగతి పైవారు చక్కగా వివరించారు. నేను ఒక ల్యాండ్ ట్రస్టు తరఫున ఈజ్‌మెంట్ ఉన్న అడవులను ఏటా తనిఖీ చేసే పనిలో స్వచ్ఛందంగా పాల్గొంటున్నాను కాబట్టి, దస్తావేజులో ఏముండాలో చెబుతాను. సంతకమైన నాడు అందరూ స్నేహితులే. పాతికేళ్ల తర్వాత ఆ భూమికి యజమాని ఎవరో, ట్రస్టులో పనిచేసేది ఎవరో తెలియదు. అప్పుడు మాట్లాడేది కాగితం ఒక్కటే.

కలప గురించి మీ భాగస్వామి పడుతున్న భయం అనవసరం. ఈజ్‌మెంట్ అంటే చెట్టును ముట్టుకోకూడదని కాదు. మెయిన్ రాష్ట్రంలో పింగ్రీ కుటుంబం 2001లో న్యూ ఇంగ్లండ్ ఫారెస్ట్రీ ఫౌండేషన్‌కు 7.62 లక్షల ఎకరాల మీద ఈజ్‌మెంట్ ఇచ్చింది. దానికి ప్రతిఫలంగా సుమారు 2.8 కోట్ల డాలర్లు అందుకొంది. అభివృద్ధి హక్కులు పోయాయి, కలప కోత మాత్రం సాగుతూనే ఉంది. పని చేసే అడవిగా ఉంచడమే ఆ ఒప్పందం ఉద్దేశం. మీ దస్తావేజులో కూడా కోతను అనుమతించవచ్చు. షరతు ఏమిటంటే, ముందుగా వృత్తి ఫారెస్టర్ రాసిన అటవీ నిర్వహణ ప్రణాళిక ఉండాలి, కోతకు ముందు ట్రస్టుకు తెలియజేయాలి, వాగుకు ఇరువైపులా నిర్ణీత వెడల్పు వరకు చెట్లు కదిలించకూడదు.

ఇక్కడ నా అభిప్రాయం కొంత గట్టిగానే చెబుతాను. కోత నియమాలను ఎకరానికి ఇన్ని చెట్లు, ఇంత వ్యాసం అంటూ దస్తావేజులోనే సంఖ్యలతో బిగించవద్దు. అడవి కదలకుండా ఉండేది కాదు. ఎమరాల్డ్ యాష్ బోరర్ అనే పురుగు పడి యాష్ చెట్లన్నీ ఎండిపోయినప్పుడు, గాలివానకు కొండవాలు మొత్తం కూలినప్పుడు, ఓక్ మొలకలు ఎదగడానికి పైకొమ్మల నీడ తెరిపించవలసి వచ్చినప్పుడు, ముప్పై ఏళ్ల కిందట రాసిన సంఖ్యలు అడవికే అడ్డుపడతాయి. దస్తావేజులో ఉద్దేశాన్ని, హద్దులను, వాగు రక్షణను స్పష్టంగా రాసి, కోత వివరాలను ఎప్పటికప్పుడు సవరించుకొనే నిర్వహణ ప్రణాళికకు వదలడం మేలు. అలాగని మరీ వదులుగా రాస్తే, రేపటి యజమాని వరుసగా నేల నున్నగా కొట్టేసి, అది కూడా ప్రణాళికే అంటాడు. ఈ రెండింటి మధ్య సరైన చోటు పట్టడానికే మీకు మీ సొంత న్యాయవాది కావాలి. ట్రస్టు న్యాయవాది ఎంత మంచివారైనా పనిచేసేది ట్రస్టు కోసమే.

బ్యాంకు అప్పు ఉందన్నారు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ దీని మీద దానాలు కూలిపోయాయి. దానం చేసే నాటికే బ్యాంకు తన తనఖా హక్కును ఈజ్‌మెంట్ కంటే వెనక్కు జరుపుతూ రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. లేకపోతే అప్పు ఎగ్గొట్టిన నాడు బ్యాంకు భూమిని వేలం వేసి ఈజ్‌మెంట్‌ను తుడిచివేయగలదు, అప్పుడు అది శాశ్వతం కాదు. కొలరాడోకు సంబంధించిన మిచెల్ కేసులో బ్యాంకు ఒప్పుకోలు దానం తర్వాత వచ్చిందన్న కారణంతో మొత్తం మినహాయింపును తిరస్కరించగా, 2015లో పదో సర్క్యూట్ (ఆ ప్రాంతపు ఫెడరల్) అప్పీలు కోర్టు ఆ తిరస్కారాన్నే సమర్థించింది.

వర్జీనియా పశ్చిమ కొండల్లో భూమి పైభాగం ఒకరిదీ, కింద ఖనిజాలు మరొకరివీ కావడం అరుదు కాదు. మీ హక్కు పత్రాలను వెనక్కు వెళ్లి చూపించండి. ఖనిజ హక్కులు ముందే వేరుపడి ఉంటే, ఉపరితల తవ్వకం జరిగే అవకాశం దాదాపు శూన్యమని భూగర్భ నిపుణుడు రాసివ్వాలి. అది రాకపోతే పన్ను మినహాయింపు ఆశ వదులుకోవలసిందే.

దస్తావేజుతో పాటు భూమి స్థితిని వివరించే ఆధార నివేదిక తయారవుతుంది. పటాలు, ఫోటోలు, ఉన్న దారులు, పాత గుడిసె, వాగు, చెట్ల రకాలు అన్నీ అందులో ఉంటాయి. దానిని యజమానులు అశ్రద్ధగా సంతకం పెట్టి పక్కన పెట్టేస్తారు, కానీ ఏటా మేము భూమికి వచ్చినప్పుడు పోల్చి చూసేది దానితోనే. ట్రాక్టరు దారి ముందే ఉందా, మీరు కొత్తగా వేశారా అన్న వివాదాన్ని తేల్చేది కూడా అదే. కాబట్టి నడిచి చూడండి, తప్పుంటే అప్పుడే దిద్దించండి.

ఎవరికి ఇవ్వాలన్నది కూడా ముఖ్యమే. వర్జీనియాలో శాసనసభ 1966లో ఏర్పాటు చేసిన వర్జీనియా అవుట్‌డోర్స్ ఫౌండేషన్ ఉంది, రాష్ట్ర అటవీ శాఖ కూడా ఈజ్‌మెంట్లు తీసుకుంటుంది, ప్రైవేటు ట్రస్టులూ ఉన్నాయి. ప్రైవేటు ట్రస్టు అయితే ల్యాండ్ ట్రస్ట్ అక్రెడిటేషన్ కమిషన్ గుర్తింపు ఉందా, కోర్టు వ్యాజ్యం వస్తే నిలబడగల నిధి ఉందా అని అడగండి. తనిఖీలకూ న్యాయరక్షణకూ వాడే ఆ నిధికి మిమ్మల్ని కూడా కొంత విరాళం అడుగుతారు. అడగని ట్రస్టును చూసి సంతోషించకండి, అనుమానించండి.

దానం కాకుండా అమ్మవచ్చా అని మీరు అడగలేదు గానీ చెబుతాను. 1990 చట్టంతో వచ్చిన ఫారెస్ట్ లెగసీ పథకం కింద అమెరికా అటవీ సర్వీసు రాష్ట్రాలతో కలిసి ప్రైవేటు అడవుల మీద ఈజ్‌మెంట్లను కొంటుంది. ఖర్చులో ఫెడరల్ వాటా 75 శాతం వరకు ఉండవచ్చు. దేశమంతటి నుంచి వచ్చే దరఖాస్తులతో పోటీ కాబట్టి 160 ఎకరాలు ఒంటరిగా నెగ్గడం కష్టం. పొరుగు యజమానులు కలిసి వస్తే మాత్రం అది వేరే కథ, పైగా మీ భూమి జాతీయ అడవిని ఆనుకొని ఉండడం బలమైన అంశం.

చివరగా, ఈజ్‌మెంట్ ఇచ్చినంత మాత్రాన ప్రజలందరూ మీ భూమిలో నడవవచ్చని కాదు. దాని ఉద్దేశం ప్రజల విహారమే అయితే తప్ప ప్రవేశం ఇవ్వనక్కరలేదు; వన్యప్రాణుల ఆవాస రక్షణ పేరున ఇచ్చే ఈజ్‌మెంటుకు గేటు మూసి ఉంచుకోవచ్చు.

జవాబు 3: మూడోతరం

పై ఇద్దరూ ఎలా చేయాలో చెప్పారు. నేను, చేయకుండా ఉండడం కూడా ఒక మార్గమని గుర్తుచేయడానికి రాస్తున్నాను. ఈజ్‌మెంట్ ఉన్న భూమికి వారసులైన వారి వైపు నుంచి చూస్తే, ముందుతరం తమ విలువలను చట్టబద్ధంగా మన మీద ఉంచి వెళ్లినట్టే. రద్దు చేయాలంటే, పరిస్థితులు మారి అసలు ఉద్దేశమే నెరవేరడం అసాధ్యమైందని కోర్టులో నిరూపించాలి. అంత జరిగి భూమి అమ్ముడుపోయినా, ధరలో ఈజ్‌మెంట్ వాటా ట్రస్టుకు వెళుతుంది. సవరణలు సాధ్యమే గానీ, రక్షణను సడలించే సవరణకు ఏ బాధ్యత గల ట్రస్టూ ఒప్పుకోదు. ఇది లోపమని నేను అనడం లేదు. పద్ధతి పనిచేసేదే అలా. అయితే నలుగురు మిత్రుల పిల్లలు, బహుశా నాలుగు నగరాల్లో పెరుగుతున్నవారు, రేపు ఆ భూమికి పన్ను కట్టి, తనిఖీలకు జవాబు చెప్పి, ప్రణాళికలు రాయించుకోవాలి. వాళ్లను ఇప్పుడే అడగగలిగితే అడగండి.

ఇంకా తేల్చుకోలేకపోతే, ఇరవై ఎకరాలు దాటిన అడవికి వర్జీనియాలోని చాలా కౌంటీలు ఇచ్చే వినియోగ విలువ పన్ను విధానంలో చేరండి. మార్కెట్ ధర మీద కాక అడవిగా ఉన్న విలువ మీద ఆస్తి పన్ను పడుతుంది. బయటకు రావాలంటే గత కొన్నేళ్ల తేడాను వడ్డీతో కట్టాలి, అంతే, శాశ్వతం కాదు. అది భూమిని రక్షించదని అడవిబాట గారు అంటారు, నిజమే. మీకు ఆలోచించుకొనే వ్యవధి మాత్రం ఇస్తుంది.

వారసత్వ పన్ను కోసం ఈజ్‌మెంట్ రాయమని ఎవరైనా చెబితే నమ్మకండి. ఈజ్‌మెంట్ ఉన్న భూమి విలువలో 40 శాతం వరకు, గరిష్ఠంగా 5,00,000 డాలర్ల మేరకు, ఆ పన్ను లెక్క నుంచి తప్పించే వీలు చట్టంలో ఉంది. కానీ 2026 నుంచి ఒక్కొక్కరికి 1.5 కోట్ల డాలర్ల వరకు ఆ పన్నే పడనప్పుడు, మనలో ఎంతమందికి దాని అవసరం?

కొండవాగు

ముగ్గురికీ కృతజ్ఞతలు. ఆ సలహాదారును ఇక కలవబోమని మిగతా ముగ్గురికీ చెప్పాను. నాలుగు రెట్ల మాట తెచ్చిన మిత్రుడు కూడా 2.5 రెట్ల నిబంధన చదివాక ఒప్పుకొన్నారు. మూడేళ్లు నిండేవరకు ఆగి, ఈలోగా ఖనిజ హక్కుల పత్రాలు వెతికించి, ఫారెస్టరుతో ప్రణాళిక రాయిస్తాము. పిల్లలతో మాట్లాడాలన్న సూచన మా నలుగురిలో ఎవరికీ తట్టలేదు.

ఒక్క ప్రశ్న మిగిలింది. ఇల్లు కట్టుకోవాలన్న భాగస్వామి కోసం అయిదు ఎకరాలు పక్కన పెట్టాలి. ఎక్కడ కట్టాలో ఇప్పుడే తేలలేదు కాబట్టి, తర్వాత చోటు మార్చుకొనే వెసులుబాటు దస్తావేజులో రాయించుకోవచ్చా?

అడవిబాట

ఆ వెసులుబాటు జోలికి పోకండి. ఉత్తర కరొలైనాలోని ఒక గోల్ఫ్ మైదానం మీద ఇచ్చిన ఈజ్‌మెంటులో, రక్షిత భూమిని తర్వాత వేరే భూమితో మార్చుకోవచ్చని రాసుకొన్నారు. ఏ భూమి శాశ్వతంగా రక్షితమో తేలనప్పుడు అది అర్హమైన దానం కాదని 2014లో బెల్క్ కేసులో నాలుగో సర్క్యూట్ అప్పీలు కోర్టు తీర్పు చెప్పింది. టెక్సాస్ వైపు అయిదో సర్క్యూట్ 2017లో ఇంటి స్థలాల చిన్న మార్పులను కొంత ఉదారంగా చూసింది గానీ, వర్జీనియా ఉన్నది నాలుగో సర్క్యూట్ పరిధిలో.

మీకు రెండు దారులున్నాయి. ఇంటి స్థలాన్ని ఈజ్‌మెంట్ లోపలే ఉంచి, సర్వే చేయించిన హద్దులతో నిర్మాణ ప్రదేశంగా చూపి, ఇంటి పరిమాణం రాయించుకోవడం ఒకటి. అయిదు ఎకరాలను ఈజ్‌మెంట్ బయటే వదిలేయడం మరొకటి. అప్పుడు ట్రస్టుతో ఏ తగాదా ఉండదు. అయితే పక్కనే రక్షిత అడవి ఉన్నందున ఆ అయిదు ఎకరాల ధర పెరిగితే, ఆ పెరుగుదలను మీ ఈజ్‌మెంట్ విలువలోంచి తీసివేయాలి. అప్రైజరుకు ఈ ముక్క ముందే చెప్పండి.

రెండు దారుల్లోనూ స్థలం ఇప్పుడే నిర్ణయం కావాలి. వాగుకు దూరంగా, ఉన్న దారికి దగ్గరగా, సెప్టిక్ ట్యాంకుకు మట్టి అనుకూలిస్తుందని పరీక్ష చేయించిన చోట. ఆ మట్టి పరీక్ష సంతకానికి ముందే చేయించండి. శాశ్వత హద్దులు గీసేశాక అక్కడ నీరు ఇంకదని తెలిస్తే, ఆ ఇంటికి మరో చోటు లేదు.

చిట్టాపద్దు

పై మాటకు ఒక చేర్పు. బయట వదిలే అయిదు ఎకరాలు ఎల్‌ఎల్‌సీ పేరునే ఉంచుతారా, ఆ భాగస్వామికి బదిలీ చేస్తారా అన్నది ఈజ్‌మెంటుకు ముందే తేల్చుకొని, మీ నలుగురి ఒప్పందంలో రాసుకోండి. ఒక్కరికి ఇల్లు, మిగతా ముగ్గురికి పన్ను కాగితం మిగిలిన చోట స్నేహాలు చెడడం చూశాను.